బాకీకి సాక్షి కాగితమే

కంపెనీ క్యాంటీన్లకు చపాతీలు పంపేవారు, యూనిఫాంలు కుట్టి ఇచ్చేవారు, సూపర్ మార్కెట్లకు పచ్చళ్లు, అప్పడాలు వేసేవారు మన సోదరీమణుల్లో చాలామందే ఉన్నారు. సరుకు ఇవాళ, డబ్బు నెలాఖరుకు... అంతా నమ్మకం మీదే నడుస్తుంది. మరి ఆ కంపెనీ దివాలా తీసిందని ఒకరోజు తెలిస్తే ఏం చేయాలి?

గేటు దగ్గర కూర్చుంటే ఇవ్వరా అంటారు. ఇవ్వరండీ! 2016 నాటి దివాలా చట్టం ప్రకారం కేసు మొదలయ్యాక కంపెనీ పగ్గాలు రిజల్యూషన్ ప్రొఫెషనల్ అనే ఆయన చేతికి వెళ్తాయి. పాత బాకీ కోసం కంపెనీ మీద దావా వేయడానికీ అప్పుడు వీలుండదు. ఆయన దగ్గర మన బాకీ రుజువు చేసుకోవడమే దారి.

ఆయన ఒక ఇంగ్లీషు పేపరులోనూ, ఒక ప్రాంతీయ భాషా పేపరులోనూ ప్రకటన వేయిస్తారు. అందులో ఆఖరి తేదీ ఉంటుంది. ఆయన నియామకం జరిగిన నాటినుంచి 14 రోజులే గడువు. దాటిపోతే కంగారుపడకండి. కేసు మొదలైన 90 రోజుల లోపు పంపవచ్చు.

'కోటి రూపాయలు ఉంటేనే కదా?' అని కొందరు ఊరుకుంటారు. ఆ కోటి లెక్క 2020 మార్చి నుంచి కంపెనీ మీద కొత్తగా కేసు వేయడానికి పెట్టింది. ఎవరో వేసిన కేసు నడుస్తూ ఉంటే మీ నలభై వేలకైనా క్లెయిము పెట్టుకోవచ్చు.

సరుకు ఇచ్చినవాళ్లు నింపవలసింది ఫారం 'బి'. స్వయంగా ఇవ్వొచ్చు, పోస్టులోనో, ఈమెయిల్లోనో పంపొచ్చు. దానికి జతచేయవలసినవి:

* ఆర్డరు కాగితం లేదా ఒప్పందం
* బిల్లులు, సరుకు అందినట్టు సంతకం ఉన్న చలానాలు
* ఇంతవరకు ముట్టిన డబ్బు తెలిసేలా ఖాతా లెక్క, బ్యాంకు స్టేట్‌మెంటు
* జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారైతే జీఎస్టీఆర్-1, 3బి రిటర్నుల నకళ్లు, అవసరమైన చోట ఈ-వే బిల్లు. రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్నవారిని ఇవి అడగరు.

రుజువు చేస్తే మొత్తం వస్తుందా? ఆ భరోసా ఇవ్వలేను. నిర్ణయాలు ఎక్కువగా బ్యాంకుల చేతిలోనే ఉంటాయి, మన వంతుకు వచ్చేది కొంచెమే కావచ్చు. కానీ అడగనివారికి ఆ కొంచెమూ లేదు. కంపెనీని ఎవరైనా తీసుకునే ప్లానును ట్రిబ్యునల్ ఆమోదించాక, అందులో లేని పాత బాకీలు రద్దయినట్టేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అందుకే చెబుతున్నా. వాళ్లు ఎంత తెలిసినవాళ్లయినా, సరుకు దించిన ప్రతిసారీ చలానా మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. మొహమాటపడకండి. బిల్లు నకలు ఒక ఫైల్లో వేసి, నెలకోసారి బాకీ ఎంతో రాసి వాళ్లకు పంపండి. జాడీకి మూత లేకపోతే పచ్చడి నిలవదు, సంతకం లేకపోతే బాకీ నిలవదు!