దీవుల విద్యార్థుల విన్నపము

పసిఫిక్ మహాసముద్రమున వనువాటు అను చిన్న ద్వీపదేశము కలదు. భూతాపమును పెంచు వాయువులను విడుచుటలో దాని పాలు అత్యల్పము. అయినను పెరుగుచున్న కడలి దాని తీరములను కోయుచున్నది. ఒకరు చేసిన తప్పునకు వేరొకరు దండన ననుభవించుట ధర్మమా?

2019లో అచ్చట న్యాయశాస్త్రము చదువుచున్న 27 మంది విద్యార్థులు ఈ ప్రశ్నను చేపట్టి, పసిఫిక్ దేశముల నాయకులకు విన్నపములు పంపిరి. వనువాటు ప్రభుత్వము వారి పక్షమున నిలిచెను. 2023లో ఐక్యరాజ్యసమితి సమ్మతితో ఆ ప్రశ్న అంతర్జాతీయ న్యాయస్థానమును చేరెను. వాతావరణమును కాపాడుట రాజ్యముల చట్టబద్ధ బాధ్యత యని న్యాయమూర్తులు 2025 జూలై 23న ఏకగ్రీవముగా తెలిపిరి.

ఈ అభిప్రాయము ఆజ్ఞ కాదు. కడలిని వెనుకకు మరలింపదు. అయినను తప్పును తప్పని లోకముచే పలికించుటయే న్యాయమునకు తొలిమెట్టు. విన్నపము వలన నేమగునని నిరాశ చెందువారు, ఒక్క రాయియు విసరక ఆ మెట్టు నెక్కిన ఈ విద్యార్థులను తలంచుకొందురు గాక!