ముందు చక్రాల బుష్‌లు ఇంటి దగ్గర మార్చడం

కారు ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచేది లోయర్ ఆర్మ్. చక్రం వెనకాల, బండి అడుగున, అడ్డంగా పడుకుని ఉండే ఇనప రెక్క అది. దాని బయటి కొసన బాల్ జాయింట్ ఉంటుంది, లోపలి కొసన రెండు బుష్‌లు ఉంటాయి. బుష్ అంటే మరీ పెద్ద సామానేం కాదు. బయట ఒక ఇనప గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, ఆ రెండింటికీ ఊడకుండా అతుక్కుపోయిన రబ్బరు మధ్యలో. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుతుగా దిగి ఉంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు బండి అడుగునున్న ఇనప చట్రానికి, అంటే సబ్‌ఫ్రేమ్‌కి కదలకుండా కట్టేస్తుంది. చక్రం గుంతలో పడి లేచిన ప్రతిసారీ మధ్యలో ఉన్న రబ్బరు కాస్త మెలి తిరిగి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. అంటే ఇక్కడ ఇనుము మీద ఇనుము జారడం లేదు, గ్రీజు పెట్టే పనీ లేదు. కదలికంతా రబ్బరు మెలికలోనే ఉంది. ఈ సంగతి మనసులో లేకుండా పని మొదలుపెడితే ఎంత మంచి బుష్ కొన్నా నెలల్లో చిరిగి ఊరుకుంటుంది. ఎందుకన్నది బిగించే దగ్గర తెలుస్తుంది.

క్రెటా, బ్రెజా, నెక్సాన్, పెనుకొండ దగ్గర 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్, ఇవన్నీ చూడ్డానికి జీపులా ఎత్తుగా ఉన్నా లోపల కార్లే. బొలెరోకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ముందు వైపు వీటన్నిటికీ ఉండేది స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒక్కటిగా కలిసిన మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు పేరు అది. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇందులో పాత పద్ధతిలో ఉండే పై ఆర్మ్ తీసేసి, ఆ పని కూడా స్ట్రట్‌కే అప్పజెప్పారు. చోటు కలిసొచ్చింది, ఖర్చు తగ్గింది. కానీ బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి తన్నే తాపు, మలుపులో పక్కకి నెట్టే బరువు, చాలా మటుకు కింద ఉన్న ఒక్క ఆర్మ్ మీదే పడతాయి. రెండు బుష్‌లలో ముందుది చిన్నగా, గట్టిగా ఉండి పక్క బరువును ఆపుతుంది. వెనకది లావుగా, మెత్తగా ఉండి ముందు వెనకల కుదుపును మింగుతుంది. అందుకే చాలా బళ్లలో ముందు చిరిగేది వెనక బుష్.

రబ్బరుకి శత్రువులు ఎండ వేడి, గాలి, నూనె. ఇంజిన్ నుంచి కారిన ఆయిల్ బుష్ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. అలాంటప్పుడు ముందు కారుతున్న చోటు బాగుచెయ్యాలి, బుష్ సంగతి ఆ తర్వాత. స్పీడ్ బ్రేకర్ మీదికి బ్రేకు తొక్కిపట్టే ఎక్కించడం వెనక బుష్‌ని తొందరగా తినేసే అలవాటు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో రబ్బరు కంటే ముందు బోల్టుకి తుప్పు పడుతుంది, విప్పేటప్పుడు అసలు కష్టం అక్కడే.

అరిగిన బుష్ ఎలా తెలుస్తుందంటే, బ్రేకు వేసినప్పుడు కింద టక్‌మని ఒక్క చప్పుడు, రివర్స్‌లోంచి ముందుకి కదిలినప్పుడు మళ్లీ అదే చప్పుడు. బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతుంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే గలగలమని ఆగకుండా వచ్చే చప్పుడు మాత్రం చాలాసార్లు బుష్‌ది కాదు, స్టెబిలైజర్ లింక్ రాడ్‌ది. అది చవకైన సామాను, మార్చడం కూడా సుళువు. చప్పుడు ఏ సందర్భంలో వస్తోందో చూసుకోకుండా ఆర్మ్ విప్పేవాళ్లు డబ్బు, శ్రమ రెండూ పోగొట్టుకుంటారు.

అనుమానం తీరాలంటే కారు లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య పొడుగాటి రాడ్ పెట్టి కదిలించి చూడాలి. రబ్బరు పైపైన సన్నగా బీటలు వారితే దాన్ని పారెయ్యక్కర్లేదు. చీలిక ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పోయినా, రబ్బరు గొట్టం నుంచి ఊడి వచ్చినా, లోపలి గొట్టం నడిమధ్య నుంచి పక్కకి జరిగిపోయినా దాని ఆయుష్షు తీరినట్టే. కొన్ని వెనక బుష్‌లలో కంపెనీవాళ్లే రబ్బరులో ఖాళీలు వదులుతారు, ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండాలని. వాటిని చిరుగులనుకుని మంచి బుష్ మార్చినవాళ్లు చాలామందే. ఇంకొన్నిటిలో లోపల ద్రవం నింపి ఉంటుంది. అది కారిందంటే మార్చడమే.

బుష్ ఒక్కటే మార్చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా అన్నది తర్వాతి ప్రశ్న. బుష్ చవక, కానీ దాన్ని నెట్టడానికి టన్నుల బలం కావాలి. ఇంట్లో సుత్తితో కొట్టి దింపుదామనుకోవడం మంచిది కాదు, బయటి గొట్టం వంకర పోతుంది. ఆర్మ్ ఇంటి దగ్గర విప్పి, విజయవాడలోనో గాజువాకలోనో ఆటోనగర్‌కి తీసుకెళ్లి, హైడ్రాలిక్ ప్రెస్సున్న లేత్ షాపులో బుష్ మార్పించి, మళ్లీ ఇంటి దగ్గర బిగించుకోవడం మన ఊళ్లలో నడిచే దారి. బాల్ జాయింట్ కూడా పాతబడి ఉంటే కొత్త ఆర్మ్ కొనడమే మేలు, అందులో రెండు బుష్‌లూ, చాలావాటికి బాల్ జాయింటూ వేసే వస్తాయి. మొదటిసారి చేసేవాళ్లకి ఇదే సరైన ఎంపిక. ఒక పక్క మార్చి రెండో పక్క వదిలెయ్యకూడదు, బండి రెండు వైపులా రెండు రకాలుగా నడుస్తుంది.

అమెరికాలో న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల ఉండే తెలుగువాళ్లకి లెక్క వేరు. అక్కడ మెకానిక్ గంటకింత అని కూలి తీసుకుంటాడు, సామాను ఖరీదును కూలి మించిపోతుంది. ఇంటికి గరాజ్ ఉంటుంది, విడిభాగాల దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తాయి. అందుకే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా శనివారం పూట ఆర్మ్‌లు మారుస్తుంటారు. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు మాత్రం అక్కడి బోల్టులని మన సముద్రపు గాలి కంటే గట్టిగా పట్టేస్తుంది.

పాలియూరితేన్ బుష్‌లు కూడా దొరుకుతాయి. అవి గట్టివి, స్టీరింగ్‌కి బండి చురుగ్గా స్పందిస్తుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కే బండికి అవి అక్కర్లేదు. రోడ్డు మీది ప్రతి కుదుపూ సీట్లోకి వస్తుంది, సరైన గ్రీజు లేకపోతే కిర్రుమంటాయి.

ఇక పనిముట్లు. ట్రాలీ జాకీ, రెండు జాక్ స్టాండ్లు, పొడుగాటి పిడి ఉన్న సాకెట్ పానా, రింగ్ పానాలు, సుత్తి, తుప్పు వదిలించే స్ప్రే, టార్క్ రెంచ్. ఈ చివరిది కొనకుండా పని మొదలుపెట్టకూడదు. చాలా బళ్లలో ఆర్మ్ బోల్టుల బిగింపు 100 న్యూటన్ మీటర్ల పైమాటే. ఏ బండికి ఎంతన్నది ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి, పక్కబండి అంకె పనికిరాదు.

జాకీ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. స్టెప్నీతో ఇచ్చే కత్తెర జాకీ మీద లేపిన బండి కిందికి దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లు కావు, బరువు ఒక పక్కకి ఒరిగితే పొడైపోతాయి. చదునైన సిమెంటు నేల ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క ఆపులు పెట్టాలి. మాన్యువల్ చూపించిన చోటే స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూశాకే పని మొదలెట్టాలి. విప్పిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టి ఉంచడం ఇంకో రక్షణ.

విప్పడానికి ముందే ఒక కొలత తీసుకోవాలి. బండి చదును నేల మీద తన బరువు మీద తను నిలబడి ఉన్నప్పుడు, చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు దాకా ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి రాసుకోవాలి. చివర్లో దీని అవసరం పడుతుంది. వీల్ నట్లు కూడా బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యాలి. బోల్టులకి ముందు రోజు రాత్రే స్ప్రే కొట్టి ఉంచితే పొద్దునకి సగం పని అయినట్టే.

చక్రం తీశాక లింక్ రాడ్ అడ్డమైతే విప్పాలి. తర్వాత బాల్ జాయింట్. కొన్ని బళ్లలో దాని కాడని ఒక బోల్టు నొక్కి పట్టుకుని ఉంటుంది. ఆ బోల్టు పూర్తిగా తీసి, చీలికలో సన్న ఉలి పెట్టి కాస్త వెడల్పు చేస్తే ఆర్మ్‌ని కిందికి వంచి ఊడదియ్యొచ్చు. ఇంకొన్ని బళ్లలో కాడ మొనదేలి, చక్రాన్ని మోసే నకిల్ రంధ్రంలో బిగిసి ఉంటుంది. అప్పుడు దెబ్బ నకిల్ పక్కన వెయ్యాలి, మరల మీద కాదు. ఫోర్కు లాంటి పనిముట్టు దూర్చి పెకలిస్తే రబ్బరు తొడుగు చిరుగుతుంది, జాయింట్ మళ్లీ వాడేట్టయితే దాని జోలికి పోకూడదు. ఆర్మ్ ఊడిన క్షణం నుంచి నకిల్ వేలాడుతుంది. దాన్ని బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ విడిపోవచ్చు, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు సాగిపోవచ్చు. బయటికి ఒరగకుండా తాడుతో బండికి కట్టేసి ఉంచడం మంచిది. చివరగా సబ్‌ఫ్రేమ్ బోల్టులు. ఒక్కోసారి ఒక పక్క బోల్టు బయటికి రాకుండా గేరుబాక్సో, ఇంజిన్ మౌంటో అడ్డొస్తుంది. బోల్టు లోపలి గొట్టంతో తుప్పుపట్టి ఒకటైపోయి, సబ్‌ఫ్రేమ్ లోపలి నట్టు కూడా వెంట తిరిగిపోతుంటే ఇంటిపని అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవాలి. అది కోత మిషన్‌తో తేలే వ్యవహారం.

బుష్ ఒక్కటే మార్చేట్టయితే పాతది తియ్యకముందే అది ఏ దిక్కుకి తిరిగి ఉందో, ఎంత లోతున ఉందో ఆర్మ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టాలి. ఖాళీలున్న బుష్‌కి దిక్కు మారితే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా తయారవుతుంది. పాత రబ్బరుని నిప్పు పెట్టి కాల్చి తీసే పద్ధతి ఒకటుంది, వద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకి హాని, వేడికి ఆర్మ్ బలం తగ్గుతుంది, అల్యూమినియం ఆర్మ్‌కైతే మరీ ప్రమాదం. కొత్తది నెట్టేటప్పుడు ప్రెస్సు బరువు బయటి గొట్టం అంచు మీదే పడాలి. లోపలి గొట్టం మీద నొక్కితే రబ్బరు అతుకు అక్కడే తెగుతుంది, బుష్ బండెక్కకముందే పాడైపోతుంది. షాపులో నిలబడి ఈ ఒక్కటీ చూసుకోవడం మొహమాటపడాల్సిన విషయం కాదు. జారడానికి సబ్బునీళ్లు చాలు, మామూలు గ్రీజు రబ్బరుని తినేస్తుంది.

ఆర్మ్ మళ్లీ ఎక్కించేటప్పుడు సబ్‌ఫ్రేమ్ బోల్టులు చేత్తో తిరిగినంత వరకే తిప్పి వదిలెయ్యాలి. బాల్ జాయింట్ మాత్రం అప్పుడే పూర్తిగా బిగించొచ్చు. ఒకసారికే అని మాన్యువల్ చెప్పిన నట్లు, బోల్టుల స్థానంలో కొత్తవి వెయ్యాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బండి గాల్లో ఉంది, చక్రం కిందికి వేలాడుతోంది, బోల్టులు చేతికి బాగా అందుతున్నాయి, బిగించేద్దామనిపిస్తుంది. అలా బిగిస్తే లోపలి గొట్టం ఆ వేలాడే కోణంలోనే లాక్ అయిపోతుంది. బండి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు పిండిన తడిబట్టలా మెలితిరిగి అక్కడే నిలిచిపోతుంది. ఇంటి ముందు ఊరికే నిలబెట్టిన బండిలోనూ ఆ మెలిక విడవదు. దాని మీద ఇక గుంతల కుదుపులు. కొత్త బుష్ కొద్ది నెలలకే చిరిగిందని సామాను నాణ్యతని తిట్టేవాళ్లలో చాలామంది బండ్లకి అసలు జరిగింది ఇదే.

అందుకని బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు ఆర్మ్ ఎంత ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తులో ఉండగానే చివరి బిగింపు జరగాలి. ర్యాంపులుంటే బండిని చక్రాల మీద నిలిపి కింద నుంచి బిగించొచ్చు. లేకపోతే స్టాండు అలాగే ఉంచి, బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి, హబ్ (చక్రం నడిమధ్య) నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా ముందు రాసుకున్న కొలత వచ్చేదాకా నెమ్మదిగా లేపాలి. బండి స్టాండు మీంచి లేచిపోకుండా చూసుకుంటూ, ఆ ఎత్తులో టార్క్ రెంచ్‌తో బిగించాలి. వెనక బుష్ నిలువుగా కూర్చుని, బోల్టు పైనుంచి కిందికి దిగే బళ్లలో అది ఇలా మెలి తిరగదు, కాస్త వాలుతుంది. అయినా ముందు బుష్ ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి పద్ధతి మార్చక్కర్లేదు. బిగించిన ప్రతి బోల్టు తల మీదా పెయింట్‌తో అడ్డగీత గీస్తే తర్వాత అది కదిలిందో లేదో కంటికే కనిపిస్తుంది.

చక్రం బిగించి, బండి దించి, వీల్ నట్లు ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగించాలి. ముందు ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో బ్రేకు వేసి చూడాలి. చప్పుడు రాకూడదు, బండి పక్కకి లాగకూడదు. తర్వాత ఆలస్యం చెయ్యకుండా వీల్ అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లాలి. ఆర్మ్ విప్పి కట్టాక చక్రాల కోణం కొద్దిగానైనా మారే ఉంటుంది, అలాగే తిప్పితే కొత్త టైరు కూడా ఒక అంచున అరిగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పెయింట్ గీతలు చూసి, బోల్టుల బిగింపు మరోసారి సరిచూడాలి. అప్పుడే బాల్ జాయింట్ తొడుగు, డ్రైవ్ షాఫ్ట్ తొడుగు కూడా చిరగకుండా ఉన్నాయో లేదో టార్చి వేసి చూసుకోవాలి.