హైస్కూలు పిల్లలకు సేవ నిర్బంధం చేయవచ్చునా?

(మా గ్రామీణ విలేఖరి)

పదవ తరగతి పరీక్షలు నడిపే కార్యాలయం ఆబిడ్స్ పక్కన చాపెల్ రోడ్డులో వుంది. ఇంటర్మీడియట్ బోర్డు నాంపల్లిలోని విద్యాభవన్‌లో వుంది. అక్కడ గీసిన గీత మన జిల్లాలోని మారుమూల హైస్కూలు దాకా వస్తుంది. అందువల్ల, విద్యార్థులు ఏటా కొన్ని గంటలు సమాజ సేవ చేస్తేనే సర్టిఫికెట్ ఇవ్వాలన్న వాదన పట్నంలో వినవచ్చినప్పుడు పల్లెల్లోని తల్లిదండ్రులు కూడా చెవి ఒగ్గవలసి వుంటుంది.

రాష్ట్ర బోర్డులో అటువంటి నిబంధన లేదు. అయితే కేంద్ర బోర్డు (సి.బి.ఎస్.ఇ.) 2018లో 9 నుంచి 12 వరకు తరగతులకు వ్యాయామ విద్యలో భాగంగా 'సేవ' అనే అంశాన్ని చేర్చి తప్పనిసరి చేసింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1999 నుంచి హైస్కూలు పూర్తి కావాలంటే 40 గంటల సేవ వుండాలి. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో యిది 75 గంటలు. ఆ దారి మనకూ మంచిదేనా అన్నది ప్రశ్న.

నిర్బంధం మన దేశానికి కొత్త కాదు. 1959లో సి.డి.దేశ్‌ముఖ్ కమిటీ, హైస్కూలు ముగించిన ప్రతి విద్యార్థి కొన్ని నెలలు జాతీయ సేవ చేయాలని సూచించింది. అది అమలు కాలేదు. చైనా యుద్ధం తర్వాత 1963లో ఎన్.సి.సి.ని కాలేజీ విద్యార్థులకు తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టమున్న వారికే అన్నారు. మరుసటి సంవత్సరం, అంటే 1969 సెప్టెంబర్ 24న, జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40 వేల మందితో మొదలైంది. ఇందులో చేరిన వారు రెండేళ్ళలో 240 గంటలు పని చేయాలి. చేరడం మాత్రం వారి ఇష్టం. పథకం నేటికీ నిలిచి వుంది.

నిర్బంధాన్ని కోరేవారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. తెల్లవారుజామున పుస్తకం పట్టి రాత్రి పొద్దుపోయేదాకా మార్కుల కోసం బట్టీ వేసే పిల్లవాడికి పక్కింటి ముసలమ్మ కష్టం తెలియడం లేదు. ఇష్టానికి వదిలితే మంచి మనసున్న నలుగురే ముందుకు వస్తారు, మిగిలిన వారు తప్పుకుంటారు. లెక్కలు, సైన్సు ఇష్టమున్న వారికే చెబుతున్నామా అని వారు అడుగుతారు. దీన్ని తోసిపుచ్చలేము.

కాని చిక్కు అమలులో వుంది. ఆబిడ్స్‌లో 1834 నాటి సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు వంటి పాత బడులున్నాయి. అక్కడి పిల్లలకు సేవ చేయాలంటే చోటు దూరం కాదు. నాంపల్లి స్టేషను, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్‌లో కేంద్ర గ్రంథాలయం అన్నీ దగ్గరే. చిత్తు కాగితంపై సంతకం, ఒక ఫోటో, గంటలు పూర్తి. పల్లె పిల్లవాడి సంగతి వేరు. బడి విడవగానే బర్రెలను తోలుకు రావాలి. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో అమ్మకు చేదోడు కావాలి. ఆడపిల్లయితే చిన్న తమ్ముణ్ణి చూసుకోవాలి, నీళ్ళు తేవాలి. ఇవేవీ సేవ కింద లెక్కకు రావు. పొద్దంతా పని చేసిన పిల్లకు సేవ చేయలేదని సర్టిఫికెట్ ఆపితే అది ఏ న్యాయం?

రెండవ చిక్కు మరింత లోతైనది. అటెండరు లేని బడిలో గదులు వూడ్చేదెవరు, మరుగుదొడ్లు కడిగేదెవరు? 'సేవ' అన్న పేరు దొరికితే యీ పని పిల్లల మీద పడుతుంది. అందులోనూ ఏ పిల్లల మీద పడుతుందో వూళ్ళో అందరికీ తెలుసు. చీపురు ఒక వాడ పిల్లలకు, మైకు మరొక వాడ పిల్లలకు దక్కే సేవ సమాజాన్ని బాగుచేయదు, పాత గోడలనే ఎత్తు పెంచుతుంది. జీతమిచ్చి చేయించవలసిన పనిని ప్రభుత్వం ఉచితంగా చేయించుకునే మార్గమూ తెరుచుకుంటుంది.

నిర్బంధం లేకుండానే జనం కదిలిన సందర్భాలు మనకున్నాయి. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది మందిని బలిగొన్నప్పుడు శవాలను తీయడానికి, అన్నం వండి పెట్టడానికి వెళ్ళిన యువకులను ఏ బోర్డూ మార్కులతో పిలవలేదు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో చదువు వచ్చినవారు రాత్రిళ్ళు రానివారికి అక్షరాలు దిద్దించారు. ఆ చదువులోంచే దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. నాంపల్లిలోనే చూడండి. మృగశిర కార్తెకు ఎగ్జిబిషన్ గ్రౌండులో చేప మందు కోసం దూర ప్రాంతాల నుంచి వచ్చే ఉబ్బస రోగులకు మంచినీళ్ళు, భోజనం అందించేది స్వచ్ఛంద సంస్థలే. అదే మైదానంలో ఏటా జరిగే నుమాయిష్‌ను 1938లో ఉస్మానియా పట్టభద్రులు ప్రారంభించారు. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోరాదు. నిర్బంధం పిల్లవాడిపై కాదు, బడిపై వుండాలి. ప్రతి హైస్కూలు ఏటా కొన్ని సేవా కార్యక్రమాలు ఏర్పాటు చేసి తీరాలి. అవి బడి వేళల్లోనే జరగాలి. ముసలివారికి పింఛను కాగితాలు చదివి చెప్పడం, చెరువు గట్టున మొక్కలు నాటి మూడేళ్ళు కాపాడడం, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై ఆదివారం దొరికే పాత పుస్తకాలతో వూరి గ్రంథాలయం నింపడం వంటివి ఎన్నైనా వున్నాయి. బడి వూడ్చే పని ఆ జాబితాలో వుండరాదు. ఏ పిల్లలు ఏ పని చేశారో గ్రామసభలో చదివి వినిపించాలి. మార్కులు, సర్టిఫికెట్లు దీనితో ముడిపెట్టరాదు.

చేయి పట్టి నడిపిస్తే పిల్లలు నడుస్తారు. మెడ పట్టి నెడితే గంటలు మాత్రం లెక్కకు వస్తాయి. నాంపల్లిలోని అధికారులు నిబంధన రాసే ముందు ఒకసారి పత్తి ఏరే కాలంలో పల్లె బడికి వచ్చి, ఖాళీ బెంచీలను చూసి వెళ్ళడం మంచిది.