చెఱలోని వాని హక్కులు, స్త్రీల క్షేమము

“ఆడుదాని బ్రతుకు మట్టిపాలు చేసినవానికి హక్కులేమిటి? వేళకు అన్నము పెట్టి, వకీలును కుదిర్చి, ఏండ్ల తరబడి విచారణ జరుపుట మన పన్నుల సొమ్ముతోనే గదా?” అని మా పాఠకురాండ్రలో పలువు రడుగుచుందురు. ప్రశ్న కఠినముగా నున్నను అడుగువారి హృదయము కఠినమైనది కాదు. పట్నమున చదువుకొను కూతురు పొద్దుగూకియు నిల్లు చేరకున్నచో, వీధిగుమ్మమున నిలిచి కన్నులు కాయలు గాచునట్లు చూచు తల్లి యడిగిన ప్రశ్న యది. కావున దీనిని త్రోసివేయక ఈ నెల కొంత నిదానముగా విచారింతము.

2019 నవంబరు 27వ తేది రాత్రి హైదరాబాదు చెంత, శంషాబాదు టోలుగేటు దగ్గర జరిగిన ఘోరమును తెలుగునాట మఱచినవారు లేరు. యింటికి వచ్చుచున్న పశువైద్యురాలిని చెఱచి చంపిరి. మఱునాటి యుదయమున షాద్‌నగరు దాపున చటాన్‌పల్లి వంతెన క్రింద ఆమె శరీరము కాలిపోయి కనబడినది. ఆ రాత్రి ఆమె యింటివారు ఠాణాకు పోయి మొఱపెట్టుకొనగా, ఇది మా సరిహద్దు కాదని యొక చోటినుండి మఱియొక చోటికి త్రిప్పిరి. ఇందుకై తరువాత ముగ్గురు పోలీసులను సస్పెండు చేసిరి. పోయిన గడియలు మాత్రము తిరిగి రాలేదు.

ఈ నేరమునకై పట్టుబడిన నలుగురిని డిసెంబరు 6వ తేది తెల్లవాఱుజామున పోలీసులు ఆ వంతెన దగ్గఱకే తీసికొనిపోయి కాల్చి చంపిరి. వారు తుపాకులు లాగుకొని తిరుగబడినందున కాల్చవలసివచ్చినదని పోలీసులు చెప్పిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి; స్త్రీలు మిఠాయిలు పంచి, రాఖీలు కట్టిరి. దాచనేల? ఆ వార్త విన్న క్షణమున మేమును “పీడ వదలిన” దనుకొంటిమి. మధ్యాహ్నమైన తరువాతగాని మాకు వేఱొక తలంపు కలుగలేదు. ఆ దినముననే స్త్రీల హక్కులకై పాటుపడు కొందఱు హైకోర్టునకు విజ్ఞప్తి చేయగా, శవములను భద్రపఱుపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపించినది. ఆనాడు ఆ స్త్రీలు పడిన నిందలు ఇన్నియన్ని కావు. “మీ కూతునకే జరిగియుండిన?” అని యడుగనివారు లేరు.

సుప్రీముకోర్టు అదే నెలలో విశ్రాంత న్యాయమూర్తి సిర్పూర్కరు గారి అధ్యక్షతన విచారణసంఘమును నియమించినది. ఆ సంఘపు నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చినది. నిందితులు తిరుగబడిరను మాట నమ్మదగినది కాదనియు, చంపవలెనను తలంపుతోనే వారిని కాల్చిరనియు, పదిమంది పోలీసు ఉద్యోగులపై హత్యానేరము విచారింపవలెననియు అందు తేల్చిరి. చనిపోయినవారిలో ముగ్గురికి అప్పటికి పదునెనిమిదేండ్లయినను నిండలేదని ఆ సంఘము అభిప్రాయపడినది. ఒకని భార్య అప్పుడు గర్భిణి.

వారు నిర్దోషులని మేము చెప్పుటలేదు. చెప్పుటకు మాకుగాని, దోషులని చెప్పుటకు మఱెవ్వరికిగాని ఇప్పుడు వీలు లేదు. సాక్ష్యము న్యాయస్థానమున పరీక్షకు రాకమునుపే కథ ముగిసినది. ఆ యువతికేమి జరిగినదో, ఏయే గడియలో ఎవ్వరేమి చేసిరో, ఆమెను కాపాడుట కెక్కడ అవకాశము తప్పిపోయినదో న్యాయమూర్తి యెదుట నిలిపి వినవలసిన వ్యాజ్యము వినబడకయే పోయినది. నిందితుని విచారణ నిందితుని హక్కు మాత్రమే యని మన మనుకొందుము. చనిపోయిన యామెకు మిగిలిన హక్కు కూడ అదియే.

హైదరాబాదునకే చెందిన పాతకథ యొకటి యిచ్చట చెప్పక తప్పదు. 1978లో ఒక బీద యువతి భర్తతో సినిమా చూచి రాత్రివేళ తిరిగివచ్చుచుండగా పోలీసులు పట్టుకొని నల్లకుంట ఠాణాకు తీసికొనిపోయిరి. అచ్చట ఆమెపై అత్యాచారము జరిగినది. ఇదేమని యడిగిన భర్తను చచ్చునట్లు కొట్టిరి. రిక్షా లాగి బ్రతుకువా డతడు. నగరమంతయు అట్టుడికినట్లుడికినది. ముక్తదరు న్యాయమూర్తి సంఘము పోలీసుల నేరము నిజమేయని తేల్చినది. ఆ సంఘమెదుటనే ఆమె చెడునడత గలదని నిరూపించుటకు పోలీసుల పక్షము వా రెంతో శ్రమపడిరి. వ్యాజ్యమును కర్ణాటకములోని రాయచూరునకు మార్చిరి. 1981లో నిందితులందఱును విడుదలయైరి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. తలుపులు మూసిన గదిలో, సాక్షులు లేని చోట, చేతికి చిక్కిన మనిషిని ఏమైన చేయవచ్చునను ధైర్యమే రెంటను కనబడుచున్నది. ఒకచోట చిక్కినవారు నిందితులు. మఱియొకచోట చిక్కినది సినిమానుండి తిరిగివచ్చు ఇల్లాలు. 2019లో మనము పూలు చల్లిన యధికారము 1978లో ఆ రిక్షావాని నాలిని విడిచిపెట్టలేదు. మగనేరగాని కొక చట్టమును, అమాయకురాలగు స్త్రీకి మఱియొక చట్టమును వ్రాసియుంచిన ఠాణా లోకమున నెచ్చటను లేదు. లోపల నున్నవారెవ్వరైనను తాకరాదను కట్టుబాటు బిగువుగా నున్ననే గాని, రేపు ఫిర్యాదు చేయబోవు మన పిల్లకు క్షేమము లేదు.

ఇది మా యూహ మాత్రము కాదు. స్త్రీలు పోరాడి తెచ్చుకొన్న శాసనములే ఇందుకు సాక్షి. 1972లో మహారాష్ట్రములోని దేశాయిగంజు ఠాణాలో ఇద్దఱు పోలీసులు ఒక గిరిజన బాలికను చెఱచిరి. 1978లో సుప్రీముకోర్టు వారిని విడిచిపెట్టగా, లోతికా సర్కారు, వసుధా ధాగంవారు, ఉపేంద్ర బక్షీ, రఘునాథ కేల్కరు అను నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు ప్రధానన్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట స్త్రీలు వీధుల కెక్కిరి. తుదకు 1983లో చట్టము మారినది. అధికారి తన యదుపులోనున్న స్త్రీని చెఱచుట ప్రత్యేకనేరమైనది. అట్టి వ్యాజ్యములో తా నొప్పుకొనలేదని ఆమె చెప్పినచో న్యాయస్థానము ఆ మాటనే ముందు నమ్మవలెనని యేర్పడినది. ఆ సంవత్సరమే ఠాణాలలో స్త్రీలను వేఱుగా నుంచవలెననియు, స్త్రీపోలీసులే వారిని కావలి కాయవలెననియు సుప్రీముకోర్టు ఆదేశించినది. తరువాత, ప్రొద్దుగ్రుంకిన పిదప స్త్రీని నిర్బంధింపరాదను నియమమును చట్టమున చేరినది. తప్పనిసరియైనచో మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొందవలెను. వీనిని ఖైదీల హక్కు లందుమా, స్త్రీల రక్ష యందుమా?

అట్లని మేము జైలువాకిళ్లు తెఱచి యుంచుమనుటలేదు. శిక్ష పడినవాడు శిక్ష అనుభవింపవలసినదే. కట్టుబాటు ఖైదీకి వ్యతిరేకముగా తప్పినను, అనుకూలముగా తప్పినను దెబ్బ తగులునది స్త్రీకే. 2002లో గుజరాతున జరిగిన అల్లరులలో ఒక గర్భిణీస్త్రీని మూకుమ్మడిగా చెఱచి, ఆమె బంధువులను చంపినందుకు పదునొకండుగురు యావజ్జీవశిక్ష అనుభవించుచుండిరి. 2022 ఆగస్టు 15వ తేదిని ఆ రాష్ట్ర ప్రభుత్వము వారి శిక్ష తగ్గించి విడిచిపెట్టినది. బయట వారికి పూలదండలు వేసిరి. ఆమె నొక్కమాట యడిగినవారు లేరు. ఆమెయే సుప్రీముకోర్టున కెక్కగా, విచారణ మహారాష్ట్రమున జరిగినందున గుజరాతు ప్రభుత్వమున కా యధికారమే లేదని 2024 జనవరి 8వ తేదిని నాగరత్న, భూయాను న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రెండు వారములలో పదునొకండుగురును మరల జైలు చేరిరి. ఆమెకు న్యాయము తెచ్చినది తుపాకి కాదు, అర్జీ.

శిక్ష తగ్గింపుమని యర్థించుట ఖైదీ హక్కు, దానిని కాదనము. కాని దెబ్బతిన్న స్త్రీకి ముందుగా తెలియజేసి, ఆమె భయమేమో వినిన పిదపనే నిర్ణయింపవలెను. వాడు ఊరికి తిరిగివచ్చినాడను సంగతి ఆమె పొరుగింటివారివలన వినవలసివచ్చుట కన్న అవమాన మేమున్నది?

ఇక వేగముగా ఉరితీయుడను వారికొక మాట. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ శాసనసభ ఇరువదియొక్క దినములలో విచారణ ముగించి ఉరిశిక్ష విధింపవచ్చునను బిల్లును ఆమోదించినది. దానికి రాష్ట్రపతి సమ్మతి లభింపలేదు. ఢిల్లీ దుర్ఘటన తరువాత, 2013లో, వర్మ న్యాయమూర్తి సంఘము అత్యాచారమునకు మరణశిక్షను సిఫారసు చేయలేదు. ఇట్టి నేరములలో నూటికి తొంబదికి మించి చేసినవాడు స్త్రీ యెఱిగినవాడే. ఉరి యన్నచో ఇంటివారే ఫిర్యాదును నొక్కివేయుదురేమో యని మాకును భయము.

శంషాబాదునాటి త్రిప్పటలు మరల జరుగకుండుటకు ఇంటనున్నవారు తెలిసికొనదగినవి కొన్ని గలవు. ఏ ఠాణాకు పోయినను, నేరము జరిగిన చోటు వారి సరిహద్దులో లేకున్నను, ఫిర్యాదును వ్రాసికొనవలెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో ఇది స్పష్టముగా గలదు. నకలు ఉచితముగా నీయవలెను. అత్యాచారపు ఫిర్యాదు వ్రాసికొనని యధికారికి ఆరునెలలనుండి రెండేండ్లవఱకు కఠినశిక్ష గలదు. వారు కాదన్నచో ఎస్పీ గారికి తపాలాద్వారా పంపవచ్చును. వకీలునకు సొమ్ము లేదని వెనుదీయ నక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము 12వ విభాగము ప్రకారము ఆదాయముతో పనిలేక ప్రతి స్త్రీకిని ఉచితముగా వకీలును కుదుర్తురు; జిల్లాకోర్టు ఆవరణములోనే దాని కార్యాలయ ముండును. ఆ విభాగమున ఉచితసహాయమున కర్హుల పట్టిక యొకటి గలదు. స్త్రీలును పిల్లలును అందు మూడవ వరుస. నిర్బంధములోనున్నవారు ఏడవ వరుస.