ఇరవై రూపాయల దగ్గరే ఆగిన ఆటో మీటరు

స్వయం ఉపాధితో బతికే మనిషి తన శ్రమకు ధర ఎప్పుడు పెంచుకోవాలన్నది ఆర్థికశాస్త్రంలో చిన్న ప్రశ్నే కావచ్చు గానీ, ఆటో డ్రైవర్ల విషయంలో దాని జవాబును ప్రభుత్వం తన చేతిలోనే ఉంచుకుని, చెప్పడం మానేసింది. హైదరాబాద్ ఆటోకు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలు అని నిర్ణయించింది 2014లో, రాష్ట్ర విభజనకు ముందు. తెలంగాణ ఏర్పడి రెండు పార్టీల ప్రభుత్వాలు వచ్చినా, 2025 ముగిసేనాటికి కూడా ఆ అంకె కదలలేదు. ఆటోవాళ్లు మీటరు వేయరు, నోటికొచ్చినంత అడుగుతారు అని పేజీలకు పేజీలు రాసేవారిలో ఈ 20 రూపాయల సంగతి ఎత్తేవారు అరుదు. తప్పు డ్రైవరు స్వభావంలో కాదు, పదకొండేళ్లుగా సవరణకు నోచుకోని ధరలో ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 67వ సెక్షన్ కాంట్రాక్ట్ క్యారేజీల చార్జీలు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కాంట్రాక్ట్ క్యారేజీ అంటే స్టాపుల వారీగా టికెట్టు కొట్టకుండా బండిని మొత్తంగా కిరాయికి ఇచ్చే వాహనం. ఆటో ఈ కోవలోకే వస్తుంది. అయితే అధికారం ఇచ్చిన చట్టం, దాన్ని ఎన్నేళ్లకోసారి తప్పనిసరిగా వాడాలో చెప్పలేదు. మీటరు దూరాన్ని సరిగ్గా కొలుస్తోందో లేదో తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలన్న నిబంధన ఉంది గానీ, ఆ మీటరులో ఎక్కించిన రేటు నేటి బతుకుకు సరిపోతుందో లేదో పరీక్షించాలన్న నిబంధన ఎక్కడా లేదు.

కుటుంబాలు కొనే సరుకులు, సేవల ధరలను నెలనెలా లెక్కగట్టే వినియోగదారుల ధరల సూచీ 2014 నుంచి 2025 వరకు దాదాపు 70 శాతం పెరిగింది. ఆ లెక్కన నాటి 20 రూపాయల విలువ నేడు సుమారు 34 రూపాయలు, నాటి 11 రూపాయల విలువ 18 రూపాయలకు పైమాటే. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు దూరాన్ని నాలుగు కిలోమీటర్లుగా తీసుకుంటే హైదరాబాద్ మీటరు చూపవలసింది 46 రూపాయలు. అదే దూరానికి బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి అమలవుతున్న రేటు ప్రకారం 72 రూపాయలు, ముంబయిలో 2025 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న రేటు ప్రకారం సుమారు 69 రూపాయలు అవుతాయి. ఆ రెండు నగరాలూ ధరను సవరించాయి. హైదరాబాద్ ఇంకా 2014లోనే ఉంది.

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మధ్య ఒకే రోడ్డు మీద ప్రయాణికులను మోసేవారు ముగ్గురు: మెట్రో, ఆర్టీసీ, ఆటో. తలపైన నడిచే మెట్రోకు చట్టప్రకారం విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలో చార్జీల నిర్ణయ కమిటీ ఉంది. 2025 మేలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 రూపాయల నుంచి, రాయితీ పోగా, 69 రూపాయలకు చేరింది. ఆర్టీసీ 2025 అక్టోబరులో సిటీ బస్సులకు మొదటి మూడు స్టేజీల వరకు 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు పెంచింది. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లోని కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా కొత్త బ్యాచ్ మొదలయ్యే వేళ ఫీజు పెంచుకుంటాయి. వీళ్లందరికీ పెంచే వేళ ఒకటి ఉంది. ఆటోకు మాత్రం 20 రూపాయలు ఉంది, తేదీ లేదు.

తేదీ లేని చోట అడ్డా తన పద్ధతిని తానే కట్టుకుంటుంది. ఎల్బీనగర్ మెట్రో మెట్ల కింద హయత్‌నగర్ అని కేకలు వేసే షేర్ ఆటోల్లో సీటు ధర 10, 15, 20 అని చిల్లరకు ఇబ్బంది లేని మెట్లలోనే మారుతుంది. ఒక్కరే పెంచితే గిరాకీ పక్క బండికి పోతుంది కాబట్టి, గ్యాసు ధర బాగా పెరిగినప్పుడు అందరూ మాట్లాడుకుని పెంచవలసి వస్తుంది. ఈ పెంపును చట్టం గుర్తించదు, ప్రయాణికుడు దోపిడీ అంటాడు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక ఆ అడ్డా బలం కూడా సన్నగిల్లింది. పక్కనే డబ్బులడగని బస్సు ఆగుతుంటే సీటు ధర పెంచే ధైర్యం ఎవరికీ రాదు, పెంచకపోతే బండి రోజు కిరాయి కూడా గిట్టదు.

ధర పెంచితే పేద ప్రయాణికుడే నష్టపోతాడన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ ఏటా రూపాయో అర్ధరూపాయో పెరిగే ధర కన్నా, పదేళ్లకోసారి ఒక్కసారిగా మీద పడే ధర, అంతకన్నా మనిషిని బట్టి మారే బేరం ధర, అదే పేదవాడికి ఎక్కువ చేటు చేస్తాయి. ఆటో బుకింగ్ యాప్‌లు ఉండగా మీటరు ఎందుకన్న వాదనలో ఆ మాత్రం పస కూడా లేదు. కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు యాప్ చార్జీని మూల ధరలో సగం నుంచి రెట్టింపు వరకు మారనిచ్చాయి. ఆ మూల ధరను ప్రకటించవలసింది రాష్ట్రమే. మూలం 2014 నాటి 20 రూపాయలుగానే ఉంటే సగం అంటే 10 రూపాయలు.

పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసింది కాదు. ఏటా ఏప్రిల్ 1న ధరల సూచీ, ఇంధనం ధరల ప్రకారం రేటు సవరించాలి. ఆ రోజుకు ఉత్తర్వు రాకపోతే సూత్రం ప్రకారం తేలిన రేటు దానంతటదే అమల్లోకి రావాలి. ఆటో డ్రైవర్లకు ఏటా 12 వేల రూపాయల సాయమంటూ 2023 ఎన్నికల ప్రణాళికలో ఇచ్చిన హామీ దీనికి ప్రత్యామ్నాయం కాదు. డ్రైవరు అడుగుతున్నది దానం కాదు, చేసిన పనికి తగిన వెల. ధర పెంచుకునే హక్కును ఒకరి చేతిలోంచి తీసుకున్న ప్రభుత్వం ఆ పని గడువులోగా చేసి తీరాలి. 20 రూపాయలను ముట్టుకోకుండా వదిలేసిన సర్కారుకు మీటరు వేయలేదని డ్రైవరుకు చలానా రాసే నైతిక హక్కు లేదు. చలానా పుస్తకం తెరవడానికి ముందు రవాణా శాఖ తన బాకీ ఉత్తర్వును జారీ చేయాలి.