పునాది కంటే ముందు వాలు

ఐదెకరాల స్థలం. గంటలో ఐదు సెంటీమీటర్ల వాన. హైదరాబాద్‌కు ఇలాంటి వాన కొత్తేమీ కాదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏదో ఒక సాయంత్రం, నగరంలో ఏదో ఒక మూల కురిసి పోతుంది. లెక్క కడితే ఆ గంటలో ఆ స్థలం మీద పడేది పది లక్షల లీటర్ల నీళ్లు. పదివేల లీటర్లు పట్టే ట్యాంకర్లు వంద. అదే స్థలంలో అపార్టుమెంట్లు లేచి, జనం కాపురాలు పెట్టాక, ఏప్రిల్, మే నెలల్లో గేటు ముందు ట్యాంకర్ కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. వంద ట్యాంకర్ల నీటిని గంటలో పోగొట్టుకునే తీరు మాత్రం, ఆ కట్టడాల ప్లాను గీసిన రోజే ఖాయమైపోయి ఉంటుంది.

అక్కడ ఇదివరకు జొన్నచేనో, ద్రాక్షతోటో, పడావు భూమో ఉండి ఉంటుంది. వాన పడితే కొంత నేల తాగేది, కొంత గడ్డి మొదళ్లలో ఆగేది, మిగిలింది నిదానంగా పల్లానికి దిగేది. ఇప్పుడు పైకప్పులు, సిమెంటు రోడ్లు, టైల్స్ పరిచిన ఆవరణ. ఇలాంటి గట్టి నేల మీద పడిన నీటిలో పదింట తొమ్మిది వంతుల వరకు బయటికే పారుతుందని ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. అదీ నిమిషాల్లో. కింద ఉన్న నాలా పాత చేను పంపే నీటికి అలవాటు పడినది. దాని వెడల్పు అంతే, లోతు అంతే. మనం మాత్రం దాని మీదికి ఒక్కసారిగా పంపే నీటిని ఎన్నో రెట్లు పెంచేశాం.

ఒక స్థలం మీద పడ్డ నీటిని, ఆ నీటితో కదిలిపోయే మట్టిని సంబాళించుకోవాల్సింది ఆ స్థలంలో కట్టేవాళ్లే. ఈ మాటను ఎవరూ కాదనరు. అయినా మన దగ్గర వాన నీటి కాలువ చాలా చోట్ల చివరి పనిగానే మిగులుతోంది. టవర్లు ఎక్కడ నిలబడాలో తేలిపోతుంది. సెల్లార్ ఎన్ని అంతస్తులో తేలిపోతుంది. క్లబ్‌హౌస్, ఈతకొలను చోటు చూసుకుంటాయి. ఆ తర్వాత మిగిలిన సందుల్లో కాలువ ఎలా పట్టించాలా అని చూస్తారు. నీటికి మన వీలుతో పని లేదు, వాలుతోనే పని. ఎత్తు ఎక్కడ, పల్లం ఎక్కడ, పైనుంచి ఎవరి నీళ్లు ఇటు వస్తున్నాయి, మన నీళ్లు ఎటు పోతాయి అన్నవి తేలాకే తొలి గీత పడాలి.

నగరానికి పడమర దిక్కున కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న కట్టడాలను తీసుకుందాం. గుట్టలు, బండలు, మధ్యలో పల్లాలు ఉన్న నేల అది. అక్కడి ఒర్రె ఏడాదిలో కొన్ని రోజులే పారుతుంది. మిగతా కాలమంతా ఎండిన గడ్డి, తుమ్మ చెట్లు, అడుగున కాస్త ఇసుక. చూసినవాళ్లకు మామూలు జాగాలాగే కనిపిస్తుంది. పొక్లెయిన్ దింపితే ఒక్క పూటలో చదునైపోతుంది. గ్రామ నక్షాలో మాత్రం ఆ గీత ఉంటుంది. పక్క ఊళ్లో అరవై దాటిన రైతును ఎవరిని అడిగినా, “గీ దిక్కు నుంచే నీళ్లు చెర్వులకు పోయేటియి” అని చెయ్యి చాపి చూపిస్తాడు. సర్వే యంత్రాలు తెచ్చి అడుగడుగునా ఎత్తులు కొలవడం ఎంత అవసరమో, ఆ పెద్దమనిషితో ఒక పొద్దంతా స్థలంలో తిరగడం కూడా అంతే అవసరం.

నిబంధనలు లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నియమాల ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు రెండు మీటర్లు, అంతకు మించిన నాలాకు తొమ్మిది మీటర్లు, పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ముప్పై మీటర్ల దూరం వదలాలి. 2002 నాటి వాల్టా చట్టం వాన నీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాట్ల గురించి చెప్పింది. కట్టడం విస్తీర్ణం ఇరవై వేల చదరపు మీటర్లు చేరితే కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్ కింద ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఇవన్నీ మంచి నిబంధనలే, కచ్చితంగా అమలు కావలసినవే. అయితే నిబంధన ఎంత దూరం వదలాలో చెబుతుంది. ఎగువన రేపు మరో నలభై ఎకరాలు సిమెంటు పరుచుకుంటే ఈ నాలాలోకి ఎంత నీరు వస్తుందో చెప్పదు. అది లెక్క వేయాల్సింది మనుషులే.

ఆ లెక్క వేయడానికి దారి ఉంది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ఆధ్వర్యంలోని సాంకేతిక సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 2019లో వాన నీటి కాలువలకు ప్రత్యేకంగా ఒక మాన్యువల్ తెచ్చింది. ఎన్నేళ్లకోసారి వచ్చే వానను లెక్కలోకి తీసుకోవాలో, నేల తీరును బట్టి ఎంత నీరు పారుతుందో అందులో ఉంది. కానీ ఐదేళ్లకోసారి వచ్చే వానకు కట్టిన కాలువ, పాతికేళ్లకోసారి వచ్చే వానకు పొంగక తప్పదు. పొంగిన నీళ్లు ఆ రోజు ఎటు పోవాలి? చాలా ప్లాన్లలో ఈ ప్రశ్నకు జవాబు కనిపించదు. మన చెరువులు కట్టినవాళ్లు దీనికి జవాబు ఆలోచించే కట్ట పోశారు. ప్రతి చెరువుకూ అలుగు ఉంటుంది. నిండిన చెరువు ఎక్కడ పొర్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది. పొర్లిన నీళ్లు కింది చెరువుకు పోవడానికి కాలువ ఉంటుంది. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులు వందల ఏళ్లు నిలిచాయంటే అందులో అలుగు పాత్ర చిన్నది కాదు. అపార్టుమెంటు సముదాయానికీ అలాంటి అలుగు ఒకటి కావాలి. కాలువ పొంగిన రాత్రి నీళ్లు సెల్లార్ ర్యాంపు వైపు తిరగకుండా, పిల్లల పార్కు మీదుగానో, లోపలి రోడ్డు మీదుగానో పల్లానికి దిగిపోయే దారి ప్లానులోనే గీసి ఉంచాలి.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ముప్పై సెంటీమీటర్లు దాటి వాన పడింది. చెరువు కట్టలు తెగాయి, కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఎన్నో భవనాల్లో సెల్లార్లు నిండిపోయాయి. సెల్లార్‌లో కార్లు మునిగితే అది డబ్బు నష్టం. చాలా చోట్ల కరెంటు ప్యానెల్ బోర్డులూ, జనరేటరూ, నీళ్లు తోడే మోటార్లూ అక్కడే ఉంటాయి. నీళ్లు చేరిన మొదటి గంటలోనే వాటిని తోడిపోసే శక్తి పోతుంది. లిఫ్టులు ఆగిపోతాయి, పై అంతస్తుల్లోని ముసలివాళ్లు చిక్కుకుపోతారు. ప్యానెల్ బోర్డును ఒక అంతస్తు పైకి చేర్చడం, ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే అడుగు ఎత్తున ఒక మిట్ట కట్టి దాని వెనక ఇనుప జాలీ వేసిన అడ్డకాలువ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ప్లాను దశలో అయితే అసలు భారమే అనిపించదు.

బయటికి పోయే కాలువ నాలాలో కలిసే చోట మరో సంగతి చూసుకోవాలి. నాలా నిండుగా పారుతున్నప్పుడు దాని నీటిమట్టం మన కాలువ నోటికంటే పైన ఉంటే, మన నీళ్లు బయటికి పోవు సరికదా, నాలా నీళ్లే మురుగుతో సహా లోపలికి ఎదురెక్కుతాయి. ఆ నోటి దగ్గర ఒకవైపే తెరుచుకునే తలుపు బిగిస్తే ఎదురెక్కడం ఆగుతుంది. నాలా తగ్గేదాకా లోపలి నీళ్లు ఆగడానికి జాగా కూడా ఉండాలి. అందుకే లోపల ఒక చిన్న కుంట కావాలి. పడిన నీటిని రెండు మూడు గంటలు ఆపి, సన్నని గొట్టం గుండా మెల్లగా వదిలే కుంట.

ఇంకుడు గుంతలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉండాలి, కానీ వాటి మీదే భారమంతా వేయలేం. ఈ ప్రాంతంలో కొద్ది అడుగుల మట్టి, మొరం కిందే రాయి వస్తుంది. పగుళ్లు లేని షీట్‌రాక్ మీద తవ్విన గుంత నీళ్లు నింపుకుని కూర్చుంటుంది తప్ప ఇంకించదు. ఎక్కడ పగుళ్లు ఉన్నాయో చూసి, పాత బోరు ఉంటే దాని పక్కన తవ్వి, నీళ్లు గుంతలోకి చేరే ముందు మట్టి దిగడానికి చిన్న తొట్టి కట్టి, ఏటా మే నెలలో కంకరను తీసి కడిగి మళ్లీ నింపితేనే అది పని చేస్తుంది. మామూలు పచ్చిక కూడా చాలా సాయం చేస్తుంది. మన ఆవరణల్లో పచ్చికను రోడ్డు కంటే ఎత్తుగా మట్టి పోసి, చుట్టూ గట్టు కట్టి పెంచుతారు. నీళ్లు దాని మీద నుంచి రోడ్డుకు జారతాయి. దాన్నే రోడ్డు కంటే జానెడు పల్లంగా ఉంచి, గట్టులో అక్కడక్కడ సందులు వదిలితే రోడ్డు నీళ్లు పచ్చికలోకి దిగి ఆగుతాయి. ఖర్చు మారదు. మట్టం మారుతుంది, అంతే.

ఇదంతా కట్టడం పూర్తయ్యాక జరిగేది. అంతకు ముందు మూడు నాలుగేళ్లు ఆ స్థలం తెరిచిన గాయంలా ఉంటుంది. అంటే మూడు నాలుగు వానాకాలాలు. ఈ కాలాన్ని మనం దాదాపు పట్టించుకోవడం లేదు. ఒక సైటు దగ్గర జూన్ చివర్లో నిలబడి చూస్తే తెలుస్తుంది. సెల్లార్ కోసం తవ్వి తీసిన మొరం నాలా గట్టు మీదే గుట్టగా పోసి ఉంటుంది, పొక్లెయిన్‌తో నేరుగా దింపడానికి వీలని. పావుగంట వానకే గుట్ట మీద వేలెడు లోతు గాళ్లు పడతాయి. మరో పావుగంటకు అవి జానెడవుతాయి. ఎర్రటి నీళ్లు గేటు కింద నుంచి రోడ్డు మీదికి వస్తాయి. టిప్పర్ల చక్రాలకు అంటిన బురద కిలోమీటరు దాకా పరుచుకుంటుంది. మర్నాడు అది ఎండి దుమ్ము, మళ్లీ వానకు జారుడు. ద్విచక్ర వాహనాలు పడిపోయేది అక్కడే. మిగతా మట్టి నాలాలో దిగుతుంది, నాలా నుంచి చెరువులోకి. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి చెరువుల్లో పూడిక తీయడానికి తెలంగాణ ఎంతో డబ్బు, ఎంతో శ్రమ పెట్టింది. ఏటా వానలకు ముందు నాలాల్లో పూడిక తీయడానికి నగరపాలక సంస్థ ఖర్చు పెడుతూనే ఉంది. ఎగువన ఆపగలిగిన మట్టిని దిగువన తోడుకుంటున్నాం.

ఆపడం కష్టమైన విద్య కాదు. లోతు తవ్వకాలను వానాకాలంలో పెట్టుకోకుండా, దసరా తర్వాత మొదలుపెట్టి ఎండాకాలంలోపు గోడలు లేపుకోవడం. తీసిన మట్టిని నాలాకు దూరంగా పోసి, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, పైన టార్పాలిన్ కప్పడం. పైనుంచి వచ్చే నీళ్లు గోతిలో పడకుండా స్థలం చుట్టూ మళ్లింపు కాలువ తీయడం. స్థలం కింది మూలలో ఒక మట్టి తొట్టి తవ్వి, బురద అడుగున దిగాక తేటనీరే బయటికి వదలడం. గేటు దగ్గర లావు కంకర పరిచి టిప్పర్ చక్రాలు కడిగి పంపడం. ఏటవాలుగా మిగిలే గట్ల మీద కొబ్బరి పీచు చాపలు పరిచి గరికో, వట్టివేరో నాటడం. వట్టివేరు వేళ్లు నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. స్థలంలో పైపొర మట్టిని తవ్వకానికి ముందే విడిగా తీసి దాచుకుంటే రేపు తోటకు అదే పనికొస్తుంది.

అన్నిటికంటే బాధ పెట్టేది గోడల సంగతి. 2024 మే 7న బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ వాల్ భారీ వానకు కూలి, పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్న ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పనికి వచ్చిన కుటుంబాలు. వారిలో నాలుగేళ్ల పసివాడు ఉన్నాడు. వానకు గోడ వెనక మట్టి తడిసి బరువెక్కుతుంది. నీళ్లు పోవడానికి దారి లేకపోతే ఆ నీటి ఒత్తిడి మట్టి ఒత్తిడికి తోడవుతుంది. అందుకే గోడ వెనక కంకర పొర వేసి, గోడలో అంతరంతరాన నీళ్లు కారిపోయే రంధ్రాలు (వీప్‌హోల్స్) వదలాలి. గచ్చు చేసేటప్పుడు సిమెంటు పడి ఆ రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. గోడ కింద ఎవరికీ గుడిసె వేయనివ్వకూడదు. కూలీల షెడ్లు ఎక్కడ ఉండాలన్నది కూడా నీటి ప్రణాళికలో భాగమేనని, ఆ ప్లాను మీద సంతకం చేసే ప్రతి ఇంజినీరూ గుర్తుపెట్టుకోవాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నదికి గట్లు పెంచి ఊరుకోలేదు. నీళ్లు నగరం చేరకముందే ఎగువన ఆపి, తగ్గించి వదలాలని సూచించారు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద తగ్గించడానికి ఆపిన నీళ్లే తర్వాత నగరానికి తాగునీళ్లయ్యాయి. ఐదెకరాల స్థలానికైనా సూత్రం అదే.

ఫ్లాటు కొనేవాళ్లు కార్పెట్ ఏరియా అడుగుతున్నారు, కారు పార్కింగ్ అడుగుతున్నారు, తూర్పు ముఖమా అని అడుగుతున్నారు. బుక్ చేసే ముందు వాన నీటి కాలువల డ్రాయింగు కూడా అడగండి. నీళ్లు స్థలంలోకి ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి, కాలువ పొంగితే ఎటు తిరుగుతాయి అని సైటు ఇంజినీరునే అడగండి. వీలైతే వాన పడుతున్న రోజునే సైటుకు వెళ్లండి. ఇప్పటికే కాపురం ఉంటున్నవాళ్లు ఆ డ్రాయింగు ప్రతిని బిల్డరు దగ్గర తీసుకుని అసోసియేషన్ కార్యాలయంలో ఉంచుకోండి, మే నెల దాటకముందే కాలువలూ తొట్లూ శుభ్రం చేయించండి.