ఇంటి చాకిరీకి ఎన్ని మార్కులు?

కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో మానసిక జబ్బున్న స్త్రీలకు వికలాంగ పింఛను కాగితాలు నింపిపెడుతున్న కార్యకర్తలతో నాలుగు మాటలు చెప్పాలనుంది. కాలు లేకపోతే కంటికి కనిపిస్తుంది. మనసు జబ్బును మాటల్లో చెప్పాలి. ఆ చెప్పేదెవరన్నదే నా ప్రశ్న.

మానసిక రోగాన్ని 1995 చట్టమే వైకల్యంగా గుర్తించింది, 2016 చట్టమూ గుర్తించింది. దాన్ని కొలిచేందుకు 'ఐడియాస్' అనే పట్టిక ఉంది. తన ఒంటి సంగతి తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పడం, పని. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఇబ్బంది పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతాయి. జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందన్నదానికి మరో నాలుగు. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం. అది తగ్గితే పింఛను లేదు. తెలంగాణలో 2023లో ఆ పింఛను 4,016 రూపాయలయింది. మందులకు మొగుడి చెయ్యి చూడనక్కరలేని డబ్బు అది.

గృహిణికి పని అంటే ఇంటిపనేనని ఆ పట్టికలోనే ఉంది. డాక్టరడిగితే పక్కనున్న భర్తో అత్తో "వండుతది, అంట్లు తోముతది" అంటారు. సున్నా పడుతుంది. పొయ్యి ఆర్పమని మూడుసార్లు చెప్పాలనీ, కూతురు బడి మానేసి వెనకాలే ఉంటోందనీ ఎవరూ చెప్పరు. ఏనాడూ పనిగా లెక్కకు రాని చాకిరీ, ఆమె హక్కును కాదనడానికి మాత్రం పనిగా లెక్కకొస్తుంది!

ఏళ్ళ లెక్కలోనూ ఇదే తంతు. పదేళ్ళు దాటిన జబ్బుకు నాలుగు మార్కులు, రెండేళ్ళలోపు దానికి ఒకటే. పెళ్ళి చెడుతుందని పుట్టింటివాళ్ళు దాచిన ఏళ్ళకు, గాలి సోకిందని తాయెత్తులు కట్టించిన ఏళ్ళకు మందుచీటీలెక్కడివి? ఎర్రగడ్డ ఆసుపత్రికి పోవాలంటే నగరాన్ని ఆ కొస దాకా దాటాలాయె, ఆ రోజు కూలి పోతుంది.

కనుక ఫారం నింపడం గుమాస్తా పని కాదు. ముందే ఒక పూట ఆమె ఒక్కదాని దగ్గరే కూర్చోవాలి. బాగోలేని వారం ఎలా గడుస్తుందో అడిగి ఆమె మాటల్లోనే రాయాలి. పాత చీటీ ఒక్కటి దొరికినా జత చేయాలి. కల్పించి రాయాల్సిన అవసరమేమీ లేదు, ఉన్నది బయటికొస్తే చాలు.

ఈ సర్టిఫికెట్ చూపించి భర్త విడాకులడుగుతాడేమోనని కొందరు జంకుతారు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం ఒక కారణంగా ఉంది కాబట్టి అది ఉత్త భయం కాదు. అయితే జబ్బు పేరొక్కటే చాలదనీ, దాని తీవ్రత చూడాలనీ 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. వేలిముద్ర వేయించే ముందే ఆమెకు ఈ సంగతి విడమరిచి చెప్పాలి. సర్టిఫికెట్టూ బ్యాంకు పాసుబుక్కూ ఆమె పెట్టెలోనే ఉండాలి.